తాకిన చేతులు: నెలలు నిండని బిడ్డల చరిత్ర

(9వ భాగం)



మీ ఊళ్లో పెంటయ్య ఉన్నాడా? కుప్పమ్మ? పుల్లయ్య? ఉత్తరాంధ్ర వాళ్లయితే తవుడు అన్న పేరు విని ఉంటారు. మా నల్లగొండ దిక్కు భిక్షపతి, భిక్షమయ్య, బిచ్చమ్మ వాడకొకరు ఉంటారు. కాలేజీలో అడ్మిషన్ల రోజు పిల్లల కాగితాలు చూస్తూ తండ్రి పేరు పైకి చదివితే వెనక నుంచి కిసుక్కుమని నవ్వు వినిపిస్తుంది. నవ్విన పిల్లల్ని నేను తిట్టను. కూర్చోబెట్టి ఆ పేరు కథ చెప్తాను.

పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి తెచ్చుకునేవాళ్లు. వాడు పెంటయ్య, లేదా కుప్పయ్య. ఎంగిలి విస్తరాకుల మీద దొర్లిస్తే పుల్లయ్య. పక్కింటావిడకు గుప్పెడు తవుడుకు అమ్మేసి మళ్లీ తెచ్చుకుంటే తవుడు. బిడ్డ కోసం నలుగురి ముందు కొంగు పట్టి అడుక్కుంటే భిక్షపతి. చావుకు ఈ బిడ్డ మీద కన్ను పడకూడదు, ఇది పనికిరాని వస్తువు అనుకుని వదిలేసి పోవాలి. అదీ తల్లుల ఎత్తుగడ.

నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేశాను. శాసనాల్లో రాజుల దానాలు చదివాను, కావ్యాల్లో పుత్రోదయ వర్ణనలు చదివాను. బతకని బిడ్డల లెక్క మాత్రం వాటిల్లో దొరకలేదు. అది మన వాడల్లో, మన పేర్లలో ఉంది. ఒక్కో పెంటయ్య వెనక పేరు పెట్టకముందే పోయిన అన్నలూ అక్కలూ ఉన్నారు. జనన మరణాల రిజిస్టరు లేని చోట మనిషి పేరే రిజిస్టరు అయింది.

పోయిన ఏడాది నాకు కూతురు పుట్టింది. 29 వారాలకే. బరువు 1,140 గ్రాములు. 46 రోజులు ఆసుపత్రిలో ఉంది. ఈ మాట ఇక్కడ ఒకసారి రాస్తే చాలామంది తల్లులు ఫోన్ చేసి మాట్లాడారు. "మేడం, ఆ పెట్టె ఎవరు కనిపెట్టారు? మనల్ని లోపలికి ఎందుకు రానియ్యరు?" అని ఒకామె అడిగింది. వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు నేనూ ఇవే ప్రశ్నలు వేసుకున్నాను, చదివాను. ఈ భాగం ఆ చదువు.

ఏడో నెల, ఎనిమిదో నెల

ముందు ఒక మాట తేల్చుకుందాం. "ఏడో నెల బిడ్డ బతుకుతది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అని మన పెద్దవాళ్లు అంటారు. ఆసుపత్రిలో ఈ మాట నేను కనీసం పదిసార్లు విన్నాను. ఇది మన దగ్గర పుట్టిందే అనుకునేదాన్ని. కానీ ప్రాచీన గ్రీకు దేశంలో హిపోక్రటీస్ పేరు మీద ఉన్న వైద్య రచనల్లో ఎనిమిదో నెల బిడ్డ మీద ప్రత్యేకంగా ఒక రచనే ఉంది. దాదాపు 2,400 ఏళ్ల కింద వాళ్లూ ఇదే నమ్మారు.

ఇది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు బలమే. 28 వారాల బిడ్డ కన్నా 32 వారాల బిడ్డకు, 32 కన్నా 34కు బతికే అవకాశం ఎక్కువ. మరి నమ్మకం ఎందుకు నిలిచింది? పెళ్లయిన ఏడు నెలలకు పుట్టిన నిండు బిడ్డలను కూడా ఏడో నెల బిడ్డల కిందే జమ కట్టేవాళ్లు కదా, వాళ్లు బతక్క ఏం చేస్తారు! నవ్వులాటకు చెప్పడం లేదు. ఎనిమిదో నెలలో కాన్పయిన తల్లి ఈ మాట విని ఆశ వదులుకుంటుంది. ఇంట్లోవాళ్లు ఖర్చు పెట్టడం మానేస్తారు. మాటకూ ప్రాణం తీసే శక్తి ఉంటుంది.

37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా అలాంటి పిల్లలు 1 కోటి 34 లక్షల మంది పుట్టారు. వాళ్లలో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు.

కోడిపిల్లల పెట్టె

పారిస్ నగరంలో స్తెఫాన్ తార్నియే అనే కాన్పుల డాక్టరు ఉండేవాడు. పేద స్త్రీలు కాన్పుకు వచ్చే మెటర్నిటే ఆసుపత్రిలో పని. చలికాలంలో చిన్న పిల్లలు చల్లబడి చనిపోవడం రోజూ చూసేవాడు. 1878లో ఒకరోజు పారిస్ జంతుప్రదర్శనశాలకు వెళ్లాడు. అక్కడ గుడ్లు పొదిగించే వెచ్చటి పెట్టెలో కోడిపిల్లలు కనబడ్డాయి. దాన్ని తయారుచేసిన ఓడిల్ మార్తాన్‌ను పిలిచి, మనిషి పిల్లలకు ఇలాంటిది చేసిపెట్టమన్నాడు. 1880-81 నాటికి ఆ పెట్టె ఆసుపత్రికి వచ్చింది. కింద వేడి నీళ్లు, పైన పిల్లలు. మొదటి పెట్టెల్లో ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురిని పడుకోబెట్టేవాళ్లు.

1883లో ఆయన శిష్యుడు ఓవార్ లెక్క ప్రచురించాడు. రెండు కిలోల లోపు పిల్లల్లో మరణాలు నూటికి 66 నుంచి 38కి తగ్గాయి. మందు లేదు, సూది లేదు. చేసిందల్లా బిడ్డను వెచ్చగా ఉంచడమే.

తార్నియే తర్వాత పియర్ బుదాన్ వచ్చాడు. ఇతను నాకు ఇష్టమైన మనిషి. పెట్టె గోడలు అద్దంతో ఉండాలన్నాడు, తల్లికి బిడ్డ కనబడాలని. తల్లే పాలివ్వాలన్నాడు. బిడ్డను దూరం పెట్టిన తల్లులు కొన్నాళ్లకు రావడం మానేస్తున్నారని గమనించి, యంత్రం బిడ్డను బతికించినా తల్లిని పోగొడితే లాభం లేదని పట్టుబట్టాడు. 1900లో పుస్తకం కూడా రాశాడు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లపాటు లోకం ఆయన పెట్టెను తీసుకుని, ఆయన మాటను వదిలేసింది.

టికెట్టు పెట్టి చూపించిన పిల్లలు

ఇది చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. అమెరికాలో మార్టిన్ కూనీ అనే ఆయన నెలలు నిండని పిల్లలను ఎగ్జిబిషన్‌లో పెట్టాడు. న్యూయార్క్‌లో కోనీ ఐలాండ్ అని తీర్థంలాంటి వినోదాల చోటు. జెయింట్ వీల్ పక్కన, గారడీల పక్కన, వరసగా ఇంక్యుబేటర్లు. 25 సెంట్ల టికెట్టు. 1903 నుంచి 1943 దాకా నలభై ఏళ్లు నడిచింది. నర్సు తన వేలి ఉంగరం తీసి బిడ్డ చేతికి ఎక్కించి, ఎంత చిన్న చెయ్యో జనానికి చూపించేది.

చీదరగా ఉంది కదా? కానీ ఇంకో సంగతి వినండి. ఆ తల్లిదండ్రుల దగ్గర ఆయన ఒక్క పైసా తీసుకోలేదు. టికెట్టు డబ్బులతోనే నర్సులకు జీతం, పిల్లలకు పాలు. ఆ రోజుల్లో చాలా ఆసుపత్రులు ఈ పిల్లలను చేర్చుకునేవి కావు. బలహీనులను బతికించి ఏం లాభం అనే వాదం అప్పుడు చదువుకున్నవాళ్లలోనే బలంగా ఉండేది. కూనీ పిల్లలు పక్కన పెట్టెల్లో ఊపిరి పీలుస్తున్న కాలంలోనే, 1908 నుంచి, అమెరికా సంతల్లో మేలైన పిల్లల పోటీలు పెట్టారు. పశువుల సంతలో ఎడ్లకు మార్కులు వేసినట్టు పిల్లలకు వేశారు. కూనీకి డాక్టరు పట్టా ఉందా అన్నది కూడా అనుమానమే. అయినా తన చేతుల మీదుగా దాదాపు 6,500 మంది బతికారని చెప్పుకున్నాడు.

ఎవరు బతకడానికి అర్హులు? పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే ఊళ్లో పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆసుపత్రి వరండాలో నాకు ఇది ఇంకో రూపంలో ఎదురైంది. మొదటి నాలుగు రోజులు పాప ప్రైవేటు ఆసుపత్రిలో ఉంది, రోజుకు 18 వేలు. మా దగ్గరి బంధువు ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "బిడ్డా, ఆడపిల్ల గదా. గింత ఖర్చు పెట్టి తీస్కపోయినంక కండ్లు కనబడకపోతే ఏం జేస్తవ్?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు నలుగురు తోబుట్టువులు పోయారు. ఆయన పేరు భిక్షమయ్య కాదు గానీ, అయి ఉండాల్సింది. మన దేశంలో నవజాత శిశు కేంద్రాల్లో చేరే పిల్లల్లో ఆడపిల్లలు మగపిల్లల కన్నా తక్కువ. ఆడపిల్లలకు జబ్బులు రావని కాదు. ఇంట్లోనే లెక్క తేలిపోతుంది.

కండ్ల సంగతి

ఆయన అన్న కండ్ల మాటకు చరిత్ర ఉంది. 1940లలో ఇంక్యుబేటర్లు గాలి చొరబడనివిగా తయారయ్యాయి, ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చారు. పిల్లలు ఎర్రగా కళకళలాడారు. కొన్ని నెలల తర్వాత చూపు లేదని తెలిసింది. 1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు ఈ జబ్బును వర్ణించాడు. కారణం దొరకలేదు. 1951లో ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ ఆక్సిజన్‌ను అనుమానించింది. ఆమె చూసింది చాలా మామూలు సంగతి: ఆక్సిజన్ ఖర్చు భరించలేని చోట పిల్లల చూపు బాగుంది. అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి 1953-54లో పరీక్ష చేసి దాన్ని రుజువు చేశాయి. అప్పటికే ప్రపంచంలో దాదాపు పదివేల మంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. 1950లో నెలలు నిండకుండా పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వాళ్లలో ఒకరు.

ఆ తర్వాత భయంతో ఆక్సిజన్ బాగా తగ్గించారు. అప్పుడు ఊపిరందక పిల్లలు పోయారు. ఎక్కువైతే కన్ను, తక్కువైతే ప్రాణం. మా పాప పక్కన మానిటర్ మీద ఒక అంకె 90కీ 95కీ మధ్య ఆడుతుండేది. దాటితే నర్సమ్మ వచ్చి మీట తిప్పేది. ఆ చిన్న మీట వెనక పదివేల జతల కండ్లు ఉన్నాయని అప్పుడే చదివాను. నాకు ఆ అంకె మీద కోపం పోయింది.

ఊపిరి

నెలలు నిండని బిడ్డకు అసలు గండం ఊపిరితిత్తులు. వాటి లోపల సబ్బు నురగలాంటి ఒక పదార్థం ఉంటుంది, సర్ఫాక్టెంట్ అంటారు. అది లేకపోతే గాలి బయటికి వదిలిన ప్రతిసారీ ఊపిరితిత్తి తడి ప్లాస్టిక్ సంచిలా అతుక్కుపోతుంది. ఈ సంగతి 1959లో మేరీ ఎలెన్ ఏవరీ కనిపెట్టింది. ఏవరీ స్వయంగా క్షయతో మంచాన పడి లేచిన మనిషి. ఊపిరి విలువ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కారణం తెలిసినా మందు రాలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి అయిదున్నర వారాల ముందే కొడుకు పుట్టాడు. పేరు ప్యాట్రిక్. బరువు రెండు కిలోల పైనే. ప్రపంచంలో అందరికన్నా బలవంతుడి కొడుకు 39 గంటలు బతికాడు. ఈరోజు ఆ బరువు బిడ్డను మన జిల్లా ఆసుపత్రిలో కూడా బతికిస్తారు. మధ్యలో ఏం జరిగింది? 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రెగరీ అనే డాక్టరు, ఊపిరితిత్తి మూసుకుపోకుండా గాలిని మెల్లగా ఒత్తిడితో పంపే పద్ధతి తెచ్చాడు. అదే సీప్యాప్. 1980లో జపాన్‌లో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది పిల్లలకు ఇచ్చి చూపించాడు.

వీటన్నిటికన్నా చవకైనది ఇంకొకటి ఉంది. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే ఆయన గొర్రెల మీద పరిశోధన చేస్తుంటే, స్టెరాయిడ్ ఇచ్చిన గొర్రెకు చాలా ముందుగా పుట్టిన పిల్ల ఊపిరి పీల్చింది. బతకకూడని పిల్ల అది. 1972లో లిగ్గిన్స్, హోవీ ఇద్దరూ కలిసి ముందుగా కాన్పయ్యే తల్లులకు ఇంజక్షన్ ఇచ్చి ఫలితాలు ప్రచురించారు. పిల్లల మరణాలు తగ్గాయి. అయినా అందరు డాక్టర్లూ వాడటానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ గుర్తును చూడండి, వలయంలో చిన్న చిన్న గీతలుంటాయి. ఆ గీతలు ఈ స్టెరాయిడ్ పరీక్షలవే. రుజువు చేతిలో ఉండగా పోయిన పిల్లలను మరిచిపోకుండా పెట్టుకున్న గుర్తు.

మన దేశంలో 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు వస్తే పెద్దాసుపత్రికి పంపేముందే ఏఎన్ఎం కూడా మొదటి డోసు డెక్సామెథాసోన్ ఇవ్వొచ్చు. నన్ను మా పట్టణం నుంచి హైదరాబాద్ పంపేటప్పుడు అక్కడి నర్సమ్మ ఇంజక్షన్ చేసి, చీటీ మీద టైము రాసి, "ఇది పోగొట్టకు అక్కా, అక్కడ చూపించు" అని నా పిడికిట్లో పెట్టింది. నా కూతురు రెండో రోజుకే సీప్యాప్ మీద సొంతంగా ఊపిరి లాగడంలో ఆ చీటీకి వాటా ఉంది.

మా నాయినమ్మ చేతులు

ఇంతవరకూ చెప్పిందంతా పట్నాల చరిత్ర, పేర్లున్నవాళ్ల చరిత్ర. మన ఊళ్లల్లో బిడ్డను మొదట తాకింది ఎవరు?

మా నాయినమ్మ మంత్రసాని. మాదిగవాడ నుంచి అర్ధరాత్రి కబురొస్తే లాంతరు పట్టుకుని ఊళ్లోకి పోయేది. దొర ఇంటి బిడ్డను ఈ లోకంలో మొదట ముట్టుకున్నది ఆమె చెయ్యి. బొడ్డు కోసింది, మాయను పాతిపెట్టింది, పురుటి గుడ్డలు ఉతికింది. పురుడు వెళ్లిన రోజున ఇల్లంతా కడుక్కున్నారు, తల్లీబిడ్డా శుద్ధి స్నానం చేశారు. ఆ తర్వాత ఆ గడప నాయినమ్మకు లేదు. ఆ బిడ్డ పెద్దవాడై, తన బొడ్డు కోసిన చేతికి నీళ్లు పైనుంచి పోశాడు. దేశంలో చాలా ప్రాంతాల్లో ఈ పని అంటరాని కులాల ఆడవాళ్లదే. కాన్పు మైల కాబట్టి ఆ మైల మోయడానికి వీళ్లు కావాలి.

1885లో డఫ్రిన్ నిధి పెట్టినప్పటి నుంచి వలస పాలకులూ, వాళ్ల మాట విన్న మన పెద్దమనుషులూ పసిపిల్లల చావులకు ఈ ఆడవాళ్లనే నిందించారు. 1927లో కేథరిన్ మేయో పుస్తకం ఆ నిందను ప్రపంచమంతా మోసుకుపోయింది. మురికి చేతులన్నారు. నేను మా నాయినమ్మను దేవతను చేయను. కొడవలితో కోసిన బొడ్డుకు ధనుర్వాతం వచ్చి పోయిన పిల్లలున్నారు. టీకాలూ శుభ్రమైన కాన్పులూ పెరిగాక, 2015లో గానీ మన దేశం ఆ జబ్బును అదుపులోకి తెచ్చినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించలేదు. కానీ ఆ చేతికి సబ్బు ఇవ్వనిది ఎవరు? శుభ్రమైన బ్లేడు, చదువు, చేసిన పనికి కూలి ఇవ్వనిది ఎవరు? రెండు శేర్ల వడ్లు, ఒక పాత చీర. అదీ ఒక ప్రాణానికి ఆమెకు దక్కింది.

మా మేనత్త నెలలు నిండకుండా పుట్టిందట. నాయినమ్మ ఆమెను పాత చీర పేలికతో రొమ్ముల మధ్య కట్టుకుని, దూది ఒత్తితో పాలు చుక్క చుక్క పిండి పోసి, నెలన్నర అట్లనే తిరిగిందట. ఆమె బతికింది, మనవళ్లను చూసింది. ఇది మా ఇంటి కథ. దీన్ని శాస్త్రం అని చెప్పను. శాస్త్రం అక్కడికి ఎట్లా చేరిందో చెప్తాను.

బొగోటా నుంచి ఢిల్లీ దాకా

ఇరవయ్యో శతాబ్దంలో అంటురోగాల భయంతో ఆసుపత్రులు తల్లులను పూర్తిగా బయట పెట్టాయి. అద్దంలోంచి చూసి పోవడమే. వారాల తరబడి బిడ్డను ముట్టుకోని తల్లి, ఒకరోజు బరువు పెరిగిన బిడ్డను పార్సిల్ తీసుకున్నట్టు తీసుకుని ఇంటికి పోవాలి. 1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో తల్లులను చేతులు కడిగించి లోపలికి రానిచ్చి చూశారు. అంటురోగాలు పెరగలేదు.

అసలు మలుపు పేద దేశంలో వచ్చింది. కొలంబియా రాజధాని బొగోటాలో పేదల కాన్పుల ఆసుపత్రి. ఒక్కో ఇంక్యుబేటర్‌లో ఇద్దరు ముగ్గురు పిల్లలు. ఒకరి జబ్బు ఇంకొకరికి. తల్లులు పిల్లలను వదిలేసి పోతున్నారు. 1978లో ఎడ్గార్ రే అనే డాక్టరు, పెట్టెలు లేకపోతే తల్లి ఒళ్లు ఉందిగా అన్నాడు. మరుసటి ఏడు ఎక్తోర్ మార్తినేజ్ ఆయనతో కలిశాడు. బిడ్డకు టోపీ, లంగోటీ మాత్రమే. తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం ఆనించి, గుడ్డతో కట్టడం. కంగారూ సంచిలో పిల్లలా. అందుకే కంగారూ మదర్ కేర్ అన్నారు. పెట్టెలు లేని పేదల వైద్యం అని చాలాకాలం చిన్నచూపు చూశారు.

2021లో ఆ చిన్నచూపు పోయింది. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా, ఇండియా, ఈ అయిదు దేశాల ఆసుపత్రుల్లో, మన దగ్గర ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌లో, 3,211 మంది పిల్లల మీద పరీక్ష జరిగింది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లలు. బిడ్డ నిలకడపడే దాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించారు. 28 రోజుల లోపు మరణాలు నూటికి 15.7 నుంచి 12కు తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉంది కాబట్టి పరీక్షను ముందే ఆపేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని చెప్పింది.

మొదటి ఆసుపత్రిలో నన్ను పొద్దున అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే లోపలికి రానిచ్చారు. ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోవద్దు అన్న మాట మా ఇంట్లో నాలుగు తరాలు విన్నది. సొంత బిడ్డ విషయంలో వినడం అదే మొదలు. అయిదో రోజు ప్రభుత్వ ఆసుపత్రికి మార్చాం. అక్కడ మంచాలు తక్కువ, జనం ఎక్కువ. కానీ తొమ్మిదో రోజున ఒక నర్సమ్మ కుర్చీ వేసి, "జాకెట్టు గుండీలు తీయమ్మా" అని, వైర్లతో సహా పాపను నా గుండె మీద పెట్టింది. అప్పటికి దాని బరువు 1,025కు పడిపోయి ఉంది. మొదటి వారంలో పిల్లలు బరువు తగ్గుతారని చెప్పినా, ఆ అంకె చూసి నాకు నిద్ర లేదు. గుండె మీద పెట్టాక మానిటర్ గంట అరగంటసేపు మోగలేదు. అప్పటిదాకా అది ఊపిరి మరిచిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు పాదం మీద వేలితో తట్టి గుర్తు చేయాల్సి వచ్చేది. కాఫీలో ఉండే కెఫీన్‌నే మందుగా ఇస్తూ, అది మరిచిపోకుండా చూసేవాళ్లు. సాయంత్రం నా భర్త వంతు. చొక్కా విప్పి కూర్చున్న మగవాళ్లను చూసి మొదట వరండా అంతా నవ్వింది. వారం తిరిగేసరికి ఇంకో ముగ్గురు తండ్రులు చొక్కాలు విప్పారు.

కలిసిన పాలు

నాకు మొదట పాలు పడలేదు. గొట్టంతో రెండు గంటలకొకసారి ఒక మిల్లీలీటరు. అది కూడా నా దగ్గర లేదు. తల్లిపాల బ్యాంకు నుంచి తెచ్చారు. మన దేశంలో మొదటి పాల బ్యాంకును 1989లో ముంబై సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పెట్టారు. హైదరాబాద్ నీలోఫర్‌లో 2017లో వచ్చింది. ఆ నీలోఫర్ ఆసుపత్రికీ ఒక కథ ఉంది. 1949లో యువరాణి నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ ఉన్నీసా అనే ఆమె కాన్పులో చనిపోయింది. ఇంకే తల్లీ ఇలా పోకూడదని యువరాణి పట్టుబడితే 1953లో ఆసుపత్రి తెరిచారు. ఒక పనిమనిషి చావు మీద లేచిన గోడలవి.

పాల బ్యాంకులో కొందరు తల్లుల పాలను కలిపి, 62.5 డిగ్రీల వేడి మీద అరగంట ఉంచి, చల్లబరిచి దాస్తారు. ఇచ్చేముందు తల్లికి రక్తపరీక్షలు చేస్తారు. కులం పరీక్ష లేదు. సీసాలో కలిసిన పాలను ఎవరూ విడదీయలేరు. ఆ సీసా కోసం వరండాలో వరసకట్టిన వాళ్లల్లో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. ఎవరి పాలని ఒక్కరూ అడగలేదు.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

అంబేడ్కర్, రమాబాయి దంపతులకు అయిదుగురు పిల్లలు. నలుగురు చిన్నతనంలోనే పోయారు. చివరివాడు రాజరత్న 1926లో పోయాడు. రెండేళ్లకు, 1928లో, బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్ మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారం ప్రభుత్వమూ యజమానులూ మోయాలని వాదించారు. 1929లో అది చట్టమైంది. 1943లో వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా గనుల్లో పనిచేసే స్త్రీల ప్రసూతి చట్టానికి సవరణ తెచ్చారు. 1961లో దేశమంతటికీ ప్రసూతి చట్టం, 2017లో 26 వారాల సెలవు.

నాకు దక్కిందేమిటి? గంటల లెక్కన జీతం తీసుకునే లెక్చరర్‌ని. పాఠం చెప్పిన గంటకే డబ్బు. 46 రోజులు ఆసుపత్రిలో, తర్వాత నాలుగు నెలలు ఇంట్లో, ఒక్క రూపాయి రాలేదు. నా పక్క మంచం తల్లి పత్తి ఏరే కూలీ. ఆమెకు ఆ చట్టం పేరు కూడా తెలియదు. పదమూడో రోజున ఆమె బిడ్డను వదిలి రెండు రోజులు కూలికి పోయి వచ్చింది. తల్లి ఒంటి వేడి మందు అయినప్పుడు, తల్లికి కూలి కట్టివ్వకపోవడం మందు ఇవ్వకపోవడమే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. వెయ్యి మంది పుడితే ఏడాది లోపు చనిపోయేవాళ్లు ఎస్సీల్లో 45, ఎస్టీల్లో 44, ఓబీసీల్లో 42, ఇతరుల్లో 32. సర్ఫాక్టెంట్‌కు కులం తెలియదు. అది అందే దారికి తెలుసు.

దారి వేయొచ్చని చూపించినవాళ్లూ ఉన్నారు. మన పక్కనే గడ్చిరోలిలో డాక్టర్ రాణి బంగ్, అభయ్ బంగ్ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటికే పోయి పసిబిడ్డలను చూసుకునే ఏర్పాటు చేశారు. మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. ఇప్పుడు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతున్నది ఆ దారిలోనే. మా నాయినమ్మ లాంటి చేతులకు సబ్బూ, తూకం, చదువూ, గౌరవం ఇస్తే ఏం జరుగుతుందో అక్కడ తెలిసింది.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా రేపు ఈ అవసరం పడొచ్చు. కాబట్టి కొన్ని మాటలు రాసి పెట్టుకోండి. నెలలు నిండకుండా నొప్పులొస్తే, పెద్దాసుపత్రికి పంపేముందు ఊపిరితిత్తుల ఇంజక్షన్ ఇచ్చారా అని అడగండి, టైము రాయించుకోండి. బిడ్డను ఒంటికి ఎప్పుడు ఆనిస్తారని రోజూ అడగండి, తండ్రి కూడా చేయొచ్చు. రెండు కిలోల లోపు లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డకు నెల తిరిగేలోగా కంటి పరీక్ష జరగాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు జబ్బు బిడ్డకు వైద్యం, మందులు, రాకపోకల వాహనం ఉచితం. అది జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మన హక్కు, ఎవరి దయా కాదు.

మా పాప ఇప్పుడు ఏడు కిలోల పైన ఉంది. కండ్లు బాగున్నాయి. పేరు మాత్రం ఇంకా అడుగుతున్నారు. చావుకు భయపడి పెట్టిన పేరు కాదు, మా ఇంట్లో ఆ భయం లేకుండా పెట్టుకున్న మొదటి పేరు. మా నాయినమ్మ పేరే పెట్టాం.

వచ్చే భాగంలో ఆశా కార్యకర్తల కూలి లెక్కలు మాట్లాడుకుందాం.